బండి వెనక నీలి సున్నా

రత్నాబాయికి ఆ అనుమానం కూతురు కల్పన పాలు మరిచిన నాటినుంచీ ఉంది. మొగుడికి దేవుడంటే లెక్కలేదా, లేక తనంటేనే లెక్కలేదా అని. ఎవరినీ అడగలేదు. ఆయన్ను అడిగినా చెప్పే మనిషి కాదు. పొద్దున దీపం పెట్టేటప్పుడు ఒకసారి మనసులోకి వచ్చేది, వత్తి సరిచేసేసరికి పోయేది. అట్లానే ఏళ్లు గడిచాయి.

నిజానికి అప్పుడు జరిగింది చిన్న సంగతే. పాపకు అమ్మవారు పోసింది. ఒళ్లంతా పొక్కులు, కళ్లు తెరవదు, చుక్క పాలు మింగదు. శివరాం ట్యాక్సీని గల్లీ మొదట్లో నిలిపి, చెప్పులు విడిచి, పోచమ్మ గుడి ముందు అందరూ వినేటట్టే మొక్కుకున్నాడు. "అమ్మా, నా బిడ్డను నాకిడువు. నా చేత్తోటి ఎర్రబట్ట తెచ్చి నీకు కప్పుత" అన్నాడు. అమ్మవారు విడిచింది. పాపకు వేపాకు నీళ్లు పోశాక వచ్చిన మంగళవారం, శివరాం నాగ్‌పాడా బజారు నుంచి కాగితంలో చుట్టిన బట్ట తెచ్చాడు. గుడి చూసుకునే సాయమ్మ పొట్లం విప్పింది. లోపల జరీ అంచు ఆకుపచ్చ బట్ట. దర్గాలో కప్పేది.

సాయమ్మ కోప్పడలేదు. "ఇది ఆ సామికి పెట్టేది బిడ్డా. ఈమెకు ఎర్రది గావాలె" అని మళ్లీ మడిచి చేతికిచ్చింది. వెనక నిలబడ్డ ఆడవాళ్లు మాత్రం కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. శివరాం పొట్లం చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

దర్గా మీద రత్నాబాయికి ఏ కోపమూ లేదు. కల్పన మెడలో ఇప్పటికీ దర్గా తాయెత్తు ఉంది. బాధ రంగు గురించి కాదు. ప్రాణం నిలబెట్టిన తల్లికి బట్ట తెమ్మంటే, చేతికేది తగిలితే అది పట్టుకొచ్చాడే అని. పోనీ తానే ఒక ఎర్రబట్ట కొని కప్పుదామంటే పద్ధతి ఒప్పుకోదు. మొక్కిన నోరూ తెచ్చే చెయ్యీ ఒకే మనిషివి కావాలి. గుర్తుచేసినప్పుడల్లా ఆయన "తెస్త" అన్నాడు. తేలేదు. అమ్మవారి బాకీ అట్లాగే నిలిచిపోయింది.

ఆ పాత అనుమానం పక్కన ఇప్పుడు కొత్తది ఒకటి వచ్చి కూర్చుంది. పోయిన వారం నాగ్‌పాడా నాకా సిగ్నలు దగ్గర శివరాం ట్యాక్సీ ఒక తోపుడు హాత్‌గాడీని గుద్దింది. గాడీ తోస్తున్నది నర్సింహులు, పాలమూరు నుంచి వచ్చి మేస్త్రీ దగ్గర సిమెంటు బస్తాలు మోసే పడుచువాడు. గాడీ చక్రం విరిగింది. వాడి పిక్క చీరుకుపోయి కుట్లు పడ్డాయి. బ్రేకు ఫేలయిందన్నాడు శివరాం. వెనక ట్యాక్సీలో ఉన్న రాజమల్లు కూడా హవల్దారుతో అదే మాట అన్నాడు. అన్నవాడే శనివారం నాడు, శివరాం లేని వేళ చూసి, రత్నాబాయి గడప ముందు నిలబడ్డాడు. ట్యాక్సీ స్టాండులో అందరికంటే పెద్దవాడు ఆయనే. ఆయన చేతిలో పాత పేపర్లో చుట్టిన రేకు పలక ఉంది. తెల్లటి రేకు మీద నీలిరంగు సున్నా.

"మా ట్యాక్సీవాళ్ల మండలి కొత్తగ పెట్టిన పద్ధతి చెల్లె ఇది" అన్నాడు. "పైకి చూస్తే మనిషి మంచిగనే ఉంటడు. లోపల ఒకనికి చెవి వినబడది, ఒకనికి కన్ను తప్పు చూపిస్తది. గసుంటోళ్ల బండికి నంబర్ ప్లేటు కింద దీన్ని పెడ్తరు. అది చూసి వెనకోడు జాగ ఇడుస్తడు. నాకా కాడ హవల్దారు చెయ్యితోటి దారి చూపిస్తడు. పొద్దుగూకినంక మాత్రం తోలొద్దు. ట్రాఫిక్ సాహెబు ఒప్పుకున్నడు. మంగళవారం సాయంత్రం దాంక పేరిచ్చినోళ్ల బిల్లా జోలికి ఎవ్వరూ రారు. దాచిపెట్టి దొరికినోని బిల్లా పోతది."

బిల్లా అంటే డ్రైవరు చొక్కాకు పెట్టుకునే ఇత్తడి బిళ్ల. అది పోతే బతుకుతెరువు పోయినట్టే.

"ఇది మా ఆయనకెందుకు మల్లన్నా?"

"బ్రేకు ఫేలైతే, గాడీని గుద్దినంక బండి అక్కడికక్కడ ఎట్ల నిలబడ్డది? అదే బ్రేకుతోటి ఇంటిదాంక ఎట్లొచ్చిండు? హవల్దారు కాడ అబద్ధం చెప్పిన. నీ కాడ చెప్ప. నువ్వే అడుగు."

అని రేకును ఆమె చేతిలో పెట్టి, దాన్ని బిగించే రెండు మరలు కొంగులో వేసి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

అడగడం అంత తేలికైతే రత్నాబాయి ఎప్పుడో అడిగేది. రేకును మాళా అటక మీద బియ్యం డబ్బా వెనక దాచింది. రాత్రంతా ఆలోచించింది. తెల్లారి ఆదివారం. తొక్కుకు పండుమిరపకాయలు తెచ్చుకునే రోజులవి. గ్రాంట్ రోడ్ బజారుకు పోయి గంపెడు కాయలు తెచ్చింది. ఎప్పుడూ ఏరి మరీ తెచ్చే మనిషి ఆ రోజు పచ్చీ పండూ కలిసిన కుప్పనే తూకం వేయించింది.

మధ్యాహ్నం శివరాం స్నానం చేసి, బనీను వేసుకుని, తమ ఒంటిగది ఖోలీ గడప మీద కూర్చున్నాడు. కల్పన పక్కింట్లో రేడియో దగ్గర ఉంది. రత్నాబాయి గంప తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఇగో, పచ్చివి ఏరి పక్కకు పెట్టు. తొక్కుల పడితే ఖరాబైతది."

"నేనా? కల్పనను పిలువు."

"అది రేడియో ఇడిసి వస్తదా? నా చెయ్యి ఖాలీ లేదు, చింతపండు పిసుకుతున్న."

శివరాం గంప వంక చూశాడు. తరువాత ఆమె వంక చూశాడు. ఆమె తలెత్తలేదు. ఆయన ఒక కాయ తీశాడు. చూడలేదు, వేళ్లతో నొక్కాడు. మెత్తగా ఉంది, కుడి పక్కన వేశాడు. ఇంకొకటి తీశాడు. గట్టిగా ఉంది, ఎడమ పక్కన వేశాడు. అంగట్లో ఆడవాళ్లు వంకాయ నొక్కినట్టు ప్రతి కాయనూ నొక్కుతున్నాడు. చింతపండు గిన్నెలో రత్నాబాయి చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్ల కాపురంలో ఈ మనిషి చేతివేళ్లను ఆమె ఇంత జాగ్రత్తగా ఎప్పుడూ చూడలేదు.

అప్పుడే తలపాగా చుట్టుకుని, బక్కపలచని బుచ్చయ్య ఖోలీల ముందరి గ్యాలరీ వెంట వచ్చాడు. పై అంతస్తులో ఉంటాడు, అదే స్టాండులో బండి తోలుతాడు. నోరు ఊరుకోదు. ఎవరి ముందైనా నిలబడ్డాడంటే వాళ్లకు పేరు పెట్టకుండా కదలడు.

"అరే వా! శివరాం సేటు కూరగాయల దుకాణం పెట్టిండు. ఏం వదినె, ఇంక బండి తోలనియ్యవా ఏంది?"

"పో బుచ్చయ్యా, నీ పని జూస్కో" అంది రత్నాబాయి.

"నా పని గదే వదినె. స్టాండుల కొత్త దిష్టిబొమ్మలొచ్చినయి, విన్నవా? నీలి సున్నాలు. బండికి నిమ్మకాయ మిరపకాయలు కట్టుకుంటుంటిమి, ఇప్పుడు సున్నా గూడ కట్టుకోవాల్నంట. ఏ బండికి కడితే ఆ బండికి దిష్టి తగలది. సవారీ గూడ తగలది!" అని తన మాటకు తానే నవ్వాడు.

శివరాం ఇంకో కాయ నొక్కాడు. బుచ్చయ్య వెళ్లబోతూ వంగి, ఎడమ పక్క కుప్పలోంచి ఒక కాయ తీసి కుడి పక్క కుప్పలో వేశాడు. "తొక్కయితే నాకింత పంపు" అని మెట్లెక్కిపోయాడు.

రత్నాబాయి లేచి వచ్చింది. ఎడమ పక్క పచ్చి కాయల మధ్య, గట్టిగా ఉన్న పండుకాయలు నాలుగైదు కుంకుమ పోసినట్టు ఎర్రగా మెరుస్తున్నాయి. కళ్లున్నవాడెవడూ చెయ్యని తప్పు.

ఆమె మాళా మీదినుంచి రేకు దించి, పేపరు తీసి, మిరపకాయల పక్కన పెట్టింది. తలుపు దగ్గరికి వేసింది.

"ఇదేం రంగు?"

"నీలం" అన్నాడు శివరాం వెంటనే.

"మరి ఇది?" ఒక కాయ చూపించింది.

ఆయన కాయను అందుకుని నొక్కబోయాడు.

"పండుదా, పచ్చిదా? నొక్కకుంట చెప్పు."

"తెల్వది" అన్నాడు. తరువాత చేతులు బనీనుకు తుడుచుకున్నాడు. "రాజమల్లు వచ్చిండా?"

"వచ్చిండు. నాకాల ఏమైందో చెప్పు."

"ఏమైతది. సిగ్నల్ల మీదిది వెలిగితే నిలబడాలె, కిందిది వెలిగితే పోవాలె. రంగుతోటి నాకేం పని? ఇన్నేండ్లు గట్లనే తోలిన. ముందట రాత్రి ఏదో లారీ తగిలి ఆ డబ్బా వంగిపోయింది రత్నా. మూడు దీపాలు అడ్డంగ పండుకున్నయి. మీదేది, కిందేది? పక్కన ఇంకో బండి ఉంటే దాన్ని జూసి పోదును. ఎవ్వడు లేడు. ఎనక రాజమల్లు హారన్ కొట్టలే. కొడ్తే పొమ్మన్నట్టు, కొట్టకపోతే ఆగుమన్నట్టు అని అనుకుంటనే ఉన్న, కాలు గ్యాసు మీద పడ్డది."

"నర్సింహులు కనబడలేదా?"

"కనబడ్డడు. గుద్దినంక."

రత్నాబాయి గోడకు ఆనుకుని కూర్చుంది. రోజూ ఆ పిల్లవాడికి జొన్నజావ తీసుకుపోతున్నది తనే. మేస్త్రీ కొట్టంలో బస్తాల మీద పడుకుని ఉంటాడు. పోయినప్పుడల్లా వాడు అడిగే మాట ఒకటే: "అన్నకు దెబ్బలేం తగలలేగద అక్కా?"

ఆ మాట ఆమె మొగుడికి చెప్పింది. కొంచెం కూడా తగ్గించకుండా చెప్పింది. శివరాం కళ్లు మూసుకున్నాడు.

"ఎప్పటిసంది తెలుసు నీకు, ఈ సంగతి?" అంది రత్నాబాయి.

"నువ్వడుగుతవనే సూస్తున్న."

"ఎప్పటిసంది?"

"గుడిల సాయమ్మ ఆ పొట్లం ఇప్పినప్పటిసంది."

పక్కింటి రేడియోలో మరాఠీ పాట ఒకటి అయిపోయి ఇంకొకటి మొదలైంది.

"అప్పటిదాంక అందరికి గిట్లనే కనబడ్తదనుకున్న" అన్నాడు శివరాం. "మీకు రంగుల పేర్లు మంచిగ యాదుంటయి, నాకు యాదుండవు, గంతే అనుకున్న. బడిల పంతులు కొట్టినా అదే అనుకున్న. ఆ దినం దుకాణంల 'చఢానే కా కపడా' అడిగిన, దేవునికి కప్పే బట్ట ఇయ్యమని. ఆయన దర్గా బట్ట ఇచ్చిండు. ఆయన తప్పేముంది? జరీ అంచుంది, మెరుస్తుంది, అమ్మవారి మీద సూసినట్టే ఉంది నాకు. సాయమ్మ ఇప్పినంక మీరందరు ఎందుకు నవ్విండ్రో నాకు తెల్వలే. ఇంటికొచ్చి ఆ బట్టను, నీ కుంకుమ డబ్బాను పక్కపక్కన పెట్టి జూసిన. అప్పుడు భయమైంది."

"మరి మల్ల ఎందుకు తేలే?"

"తెస్తే మల్ల గదే వస్తే? దుకాణం దాంక పోయిన రత్నా, శానా మాట్ల పోయిన. 'లాల్' అని అడగొచ్చు. వాడు అది తీసి ఇచ్చిండో ఇంకోటి ఇచ్చిండో నాకెట్ల తెలుస్తది? ఎవన్నన్న ఎంట తీస్కపోతే ఎందుకంటడు."

రత్నాబాయికి ఒక్కసారిగా ఏడుపు రాలేదు. కోపమే వచ్చింది.

"ఇన్నేండ్లు నీ తరఫున నేను అమ్మవారి ముందట చెంపలేసుకున్న. మా ఆయనకు బుద్ధియ్యి తల్లీ అని మొక్కుకున్న. నీకు బుద్ధి లేదనుకున్న, నా మీద పానం లేదనుకున్న. ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేది?"

"చెప్తే బండి తోలనిస్తుంటివా?"

ఆమె అబద్ధం ఆడలేకపోయింది. తోలనిచ్చేది కాదు.

"మరి ఏం జేస్తుంటి?" అన్నాడు శివరాం. "మా నాయిన లెక్క సున్నం తట్ట మోస్తుంటినా? మిల్లులు బందై ఏడాదైంది. పనిమంతులైన మిల్లోళ్లే పొద్దుగాల మేస్త్రీ కాడ కూలికి నిలబడుతుండ్రు. నన్నెవడు పిలుస్తడు?"

"అందుకని నర్సింహులు కాలు పోవాల్నా? ఇయ్యాల కాలు, రేపు పానం. మల్లన్న ఇచ్చింది ఎందుకు? పెట్టుకో. బిల్లా పోదన్నడుగద."

"బిల్లా పోదు. ఇజ్జత్ పోదా? బండెనక బోర్డు కట్టుకుని తిరగమంటవా, గుడ్డోని బండి అని? బుచ్చయ్య మాట విన్నవ్‌గద. సవారీ చూసి ఎక్కుతడా?"

"చూసి ఎక్కనోడు ఎక్కకపోనీ. చూడక ఎక్కినోళ్లు ఇన్నేండ్లు ఎవల భరోస మీద ఎక్కిండ్రు? నేను, నా బిడ్డ గూడ ఎక్కినం."

శివరాం గంప ముందుకు జరుపుకుని మళ్లీ కాయలు నొక్కడం మొదలుపెట్టాడు. కాసేపు చూసి రత్నాబాయి కూడా ఎదురుగా కూర్చుంది. ఆయన నొక్కి ఎడమ పక్కన వేసిన కాయల్లో ఎర్రవి కనిపిస్తే తీసి కుడి పక్కన వేసింది. ఇద్దరూ కలిసి గంప ఖాళీ చేశారు. ఆ పూట తొక్కు బాగా కుదిరింది. కారం మాత్రం ఎక్కువైంది.

సోమవారం ఆయన బండి తియ్యలేదు. ఒంట్లో బాగాలేదన్నాడు. రేకు గోడకు ఆనించి ఉంది. దాని వంక చూడకుండా అటూ ఇటూ తిరిగాడు.

మంగళవారం పొద్దున రత్నాబాయి తలంటుకుని, కొబ్బరికాయ, ఊదుబత్తులు బుట్టలో పెట్టుకుంది.

"రేకు సంగతి నువ్వు, మల్లన్న చూసుకోండ్రి" అంది. "నేను అడిగేది ఒక్కటే. అమ్మవారి బాకీ ఇయ్యాల తీర్చు. నేను ఎంట వస్త. బట్ట మాత్రం నేను ముట్టుకోను, చూపియ్యను. మొక్కింది నువ్వు."

"నాకు తెల్వదని చెప్తిగద."

"తెల్వదని ఆయనకు చెప్పు."

"ఎవరికి?"

"దుకాణపాయనకు."

శివరాం ఆమెను విచిత్రంగా చూశాడు. ఆ ఉపాయం ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆయనకు తోచలేదని ఆ చూపులోనే తెలిసింది.

నాగ్‌పాడా బజారులో అదే దుకాణం. అదే ముసలాయన, గడ్డం మాత్రం తెల్లబడింది. దారాల మీద వరుసగా బట్టలు వేలాడుతున్నాయి. రత్నాబాయి దుకాణం మెట్టు కింద ఆగిపోయింది. శివరాం మెట్టెక్కి, జేబులో చేతులు పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరు గిరాకీలు వచ్చి కొనుక్కుని పోయారు. మూడో ఆమె కూడా పోయాక ముసలాయన అడిగాడు, ఏం కావాలని.

"ఎర్రబట్ట కావాలె" అన్నాడు శివరాం హిందీలో. "నాకు రంగులు కనబడవు. ఎరుపు, ఆకుపచ్చ ఒక్కతీరుగ కనబడ్తయి. మీరే చూసి ఇయ్యాలె. ఒకసారి ఇక్కడనే తీస్కపోయిన, వేరేది వచ్చింది."

ముసలాయన ఆశ్చర్యపోతాడనుకుంది రత్నాబాయి, నవ్వుతాడనుకుంది. ఆయన అట్లాంటిదేమీ చెయ్యలేదు.

"అరే భాయ్, ముందే చెప్పాల్సింది గదా" అని విసుక్కున్నాడు, ఎవరైనా కొలత చెప్పకుండా బట్ట అడిగితే విసుక్కున్నట్టే. "ఎరుపంటే ఏ ఎరుపు? కుంకుమదా, దానిమ్మదా, ఇటుకదా? పది ఎరుపులున్నాయి నా దగ్గర."

శివరాం గాబరాగా వెనక్కి తిరిగాడు. రత్నాబాయి బుట్టలోని కొబ్బరికాయ పీచు లాగుతూ నిలబడింది. పెదవి మీదికి వచ్చిన మాటను పళ్ల కింద పెట్టి నొక్కింది.

"అమ్మవారికి కప్పే ఎరుపు" అన్నాడు శివరాం చివరికి. "పోచమ్మకు. నా బిడ్డ పానం నిలబెట్టింది."

"అట్లా చెప్పు" అన్నాడు ముసలాయన. లోపలికి పోయి మడతలు వెతికి, ఒకదాన్ని బయట ఎండలోకి తెచ్చి విప్పి చూసుకుని, తలూపి, మడిచి శివరాం చేతుల్లో పెట్టాడు. "ఇది. నాది పూచీ."

గడపకు పెట్టిన కుంకుమ బొట్టంత ఎరుపు. రత్నాబాయి ముఖం చూసి శివరాంకు అర్థమైంది. ముఖాల్లో రంగులు చదవడం ఆయనకు ఎప్పుడూ కష్టం కాలేదు.

బండి దగ్గరికి వచ్చాక ఆయన డిక్కీ తెరిచాడు. అందులో సంచిలో చుట్టి రేకు ఉంది. ఆయనెప్పుడు పెట్టాడో రత్నాబాయికి తెలియదు.

"ఒకనికి చెప్పినంక ఇంకొకనికి చెప్పుడు ఎంత పని" అన్నాడు, ఆమె అడగకుండానే. మరలు తిప్పే పేచ్‌కస్ తీసుకుని బండి వెనక కూర్చున్నాడు. రాజమల్లు ఇచ్చిన మరలు రెండు. ఒకటి బిగించాడు. రెండోది చేతిలోంచి జారి, దొర్లి, రోడ్డు పక్క మోరీ జాలీలో పడిపోయింది. శివరాం దాని వంక చూసి, చూసి, నవ్వాడు. ఎన్నాళ్లకో విన్న నవ్వు అది. రెండో చివరను సన్నతీగతో కట్టాడు.

"ఒంకరుందా?"

"కొంచెం" అంది రత్నాబాయి.

"ఉండనీ. సాయంత్రం మండలికి పోయి పేరిచ్చి, ఇంకో మర అడుగుత. దానికంటె ముందు నర్సింహులు కాడికి పోవాలె. బ్రేకు ఫేలు కాలేదని వానికి నేనే చెప్త."

ఆ మాట చెప్పమని ఆమె అడగలేదు. అడగని మాట వచ్చినందుకు మనసులోనే దండం పెట్టుకుంది.

గల్లీ మొదట్లో బండి నిలిపి ఇద్దరూ నడిచారు. రెండు చాళ్ల ఇళ్ల వరసల మధ్య, మనిషి వంగితే తప్ప పట్టని గుడి అది. సాయమ్మ గడప కడుగుతోంది. నడుము వంగింది కానీ నోరు వంగలేదు.

"వచ్చినవా కొడుకా? దుకాణం దూరమైందా ఏంది, ఇన్నేండ్లు పట్టింది?"

"దూరమే అయింది అవ్వా" అన్నాడు శివరాం.

పొట్లం ఆయన చేతులతోనే విప్పాడు. సాయమ్మ బట్ట వంక చూసింది. తరువాత పక్కకు జరిగి, "కప్పు" అంది. శివరాం వంగి లోపలికి పోయి అమ్మవారి భుజాల మీద ఎర్రబట్ట కప్పాడు. పసుపు ముఖం, వెండి కళ్లు, కింద ఎరుపు. రత్నాబాయి కొబ్బరికాయ కొట్టింది. నీళ్లు గడప మీదుగా పారాయి.

అమ్మవారు చూసేది రంగునా, తెచ్చిన చేతినా? చెయ్యినే అయితే ఆనాటి పచ్చబట్ట ఎందుకు చేరలేదు? రంగునే అయితే, కళ్లు లేనివాళ్ల మొక్కులు ఎక్కడికి పోతాయి? దండం పెట్టి లేచేసరికి ఈ ప్రశ్నలు రత్నాబాయి నాలుక చివర ఉన్నాయి. సాయమ్మ ముందే మాట్లాడింది.

"ఎర్రబట్ట ఇది రెండోది" అంది, కొబ్బరిచిప్ప అందిస్తూ.

"ఏం రెండోది?"

"నీ మొగని పేరు మీద. పచ్చబట్ట తెచ్చిన వారమే, తెల్లారి పొద్దుగాల్నే ఒకాయన ఎర్రది తెచ్చిండు. 'శివరాం పంపిండు, కప్పు అవ్వా' అన్నడు. శివరాం పంపితే శివరామే వస్తడుగద అన్న. అప్పుడు చెప్పిండు, 'వాని కండ్లల్ల రంగులు తేడా ఉన్నయి, వానికే తెల్వది, ఎవ్వలకు చెప్పకు' అని. నా చెయ్యి పట్టుకుని ఒట్టు పెట్టించుకున్నడు."

శివరాం గుడిలోంచి వంగి బయటికి వస్తూ అట్లాగే ఆగిపోయాడు. అప్పటికి తనకే పూర్తిగా తెలియని సంగతి. ఇంకెవరికి తెలుసు?

"అయితే మా బాకీ అప్పుడే తీరిందా అవ్వా?" అని అడిగింది రత్నాబాయి. ఇన్నేళ్లు చెంపలేసుకున్నదంతా ఉత్తదేనా?

"యాడ తీరింది? పరాయి చెయ్యి పెట్టింది ఆయన భక్తి. అమ్మ తీసుకున్నది, పక్కకు పెట్టుకున్నది. మీ మొక్కు ఇయ్యాలనే తీరింది." సాయమ్మ బట్ట కొసను అమ్మవారి పాదాల మీదికి సరిచేసింది. "ఇంక ఈమెకు మీరు బాకీ లేరు. ఆయనకున్నరో లేరో మీరే చూసుకోండ్రి."

"ఎవరు అవ్వా?"

"ఒట్టేసినంక పేరెట్ల చెప్త? చూపిస్తే మాత్రం ఒట్టు తప్పినట్టు గాదు" అని సాయమ్మ గడ్డం ఎత్తి, వాళ్లిద్దరి భుజాల మీదుగా గల్లీ మొదటివైపు చూపించింది.

ఇద్దరూ తిరిగి చూశారు. తమ ట్యాక్సీ వెనక, నీలి సున్నా రేకు ముందు ఒక మనిషి గొంతుకూర్చుని ఉన్నాడు. చేతిలో పేచ్‌కస్ ఉంది. వీపు ఇటు ఉన్నా ఆ తలపాగా, ఆ బక్క భుజాలు గల్లీలో ఎవరికైనా తెలుసు.

బుచ్చయ్య.

ఆదివారం ఎడమ కుప్పలోంచి పండుకాయను తీసి కుడివైపు వేసిన చెయ్యి అది. లేని మరను బిగిస్తున్నాడో, ఉన్న మరను ఊడదీస్తున్నాడో, గుడి దగ్గరినుంచి చూస్తే తెలియలేదు.